అటక్ శూ ఛే?

జూన్ 1, ఆదివారం

ఇల్లు చూసి వచ్చాం. నిజానికి చూసింది ఇంటి నమూనా. అసలు ఇల్లు ఇంకా ఇనుప చువ్వల రూపంలో గాల్లో ఉంది. ఓల్‌పాడ్ రోడ్డు మీద, సూరత్ శివార్లలో మొన్నమొన్నటి దాకా చెరకు పండిన నేలలో ‘నందన్ ఎలిగాంజా’ అనే పన్నెండు అంతస్తుల అబద్ధం లేస్తోంది. నరికేసిన చెట్ల పేర్లే టవర్లకు పెట్టారు. మాది అశోక టవర్. (మాది అని రాశాను. ఒక్క పూటకే.)

నమూనా ఫ్లాటులో మంచాలు పొట్టివి. గది పెద్దగా కనిపించాలని అలా చేయిస్తారట. నేను పడుకుని చూశాను. మోకాళ్ల కిందంతా గాల్లోనే ఉంది. టీవీ అట్టముక్క. అలమారలో పుస్తకాలకు వీపులే ఉన్నాయి, లోపల థర్మోకోల్. మధ్యతరగతి ఇంటికి నిజమైన నమూనా ఆ ఒక్క అలమారే అని బ్రోకర్ హస్ముఖ్‌భాయ్‌తో అన్నాను. పేరుకు తగ్గట్టు నవ్వాడు. ఏమన్నా నవ్వుతాడు. అలాంటివాడితో వాదన పెట్టుకోవడం అంటే దూదిబస్తాను గుద్దడమే.

సొంతిల్లు ఒక రోగం అని ఇరవై ఏళ్లుగా ‘కత్తెర’ కాలమ్‌లో రాస్తున్నవాణ్ణి. బ్యాంకు ఉద్యోగం చేస్తూ, రోజూ పదిమందికి ఆ రోగం అంటించే అప్పుల కాగితాల మీద సంతకాలు పెడుతూ, సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని తిట్టి పడుకునేవాణ్ణి. ఇప్పుడు నాకే జ్వరం వచ్చింది.

సుభాషిణి మాత్రం నమూనాలో ఏదీ ముట్టుకోలేదు. రెండే అడిగింది. కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా? నడుస్తుందన్నాడు. కింద తోటలో బెంచీ వేస్తారా? వేస్తారన్నాడు. ఆ బెంచీ రాబోయే చోట, సిమెంటు బస్తాల పక్కన, కాసేపు నిలబడి వచ్చింది.

ఇల్లు అవ్వ కోసమే, కన్నతల్లి కోసమే. ఇది ముందే రాసిపెడుతున్నాను, తర్వాత ఎవరూ మరిచిపోకుండా. ఎవరూ అంటే నేను.

జూన్ 2

‘మాహోల్ బహుత్ అచ్ఛా హై’ అని హస్ముఖ్‌భాయ్ నిన్న అన్నమాట ఇంకా చెవిలో ఉంది. మాహోల్ అంటే గాలీ వెలుతురూ అనుకున్నాను. కాదు. పక్కింటి వంట వాసన.

జూన్ 5, గురువారం

బ్యాంకు నుంచి వస్తుంటే పాండేసరలో, సిగ్నల్ దగ్గర ఫోన్. కొనేవాళ్లంతా కలిసి ఇప్పటికే ఒక కమిటీ పెట్టుకున్నారట, గోడలు లేవకముందే. పేర్లు వాళ్లకు పంపాలి, పూర్తి పేరు చెప్పమన్నాడు హస్ముఖ్‌భాయ్. పరమేశ్ లింగవ్వ అన్నాను.

"వో తో ఠీక్. అటక్ శూ ఛే?"

మీ ఇంటిపేరేమిటి అని. ఈ ఊళ్లో బిడ్డ పుట్టగానే అడిగే ప్రశ్న ఇది. శవాన్ని దించాక శ్మశానంలో అడిగేదీ ఇదే. ఇంటిపేరు చెబితే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే వంటగది తెలుస్తుంది, వంటగది తెలిస్తే మాహోల్ తెలిసిపోతుంది. ఇంతా చేసి ఎవరూ నీ కులమేమిటని అడిగినట్టు ఉండదు. ఎంత మర్యాద!

పెళ్లయి జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన సుభాషిణిని గ్యాసు ఆఫీసులో "అటక్ శూ ఛే?" అన్నారు. తెలుగు బుర్ర కదా, పాత సామాన్లు పడేసే అటక గురించి అనుకుంది. "లేదు, పెట్టించుకోవాలె" అంది. సిలిండర్‌కీ అటకకూ ఏం సంబంధమని ఇంటికొచ్చి నన్నడిగింది. ఇన్నేళ్లయినా మా ఇంట్లో పాతబడని జోకు అదొక్కటే. ఇక వాళ్ల ప్రతి వాక్యం చివరా వచ్చే ‘ఛే’ సంగతి సరేసరి. ఊరు ఊరంతా మమ్మల్ని చూసి ఛే అంటోందని మొదటి నెలంతా ఏడ్చింది.

నాకైతే నిజంగానే అటక్ లేదు. ఇరవై రెండేళ్ల వయసులో అఫిడవిట్ వేసి ఇంటిపేరు కొట్టేశాను. ఆ చోట అవ్వ పేరు పెట్టుకున్నాను. కులం తోక కోసి తల్లి పేరు నెత్తిన పెట్టుకున్నానని సభలో చెబితే చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. నేను చేసిన వాటిలో మంచిపని అని ఇప్పటికీ చెప్పుకోగలిగేది అదే.

"లింగవ్వే అటక్" అన్నాను.

"లింగవ్వ..." అటువైపు ఆలోచన. "లింగాయత్? అరే వాహ్. వో తో ప్యూర్ వెజ్. పహలే బోల్నా థా నా, పరమేశ్‌భాయ్."

ముందే చెప్పాల్సింది కదా అని. వెనక సిటీ బస్సు హారన్ కొట్టింది. అది ఆగేలోపు అతను ఫోన్ పెట్టేశాడు.

జూన్ 6

ఆ బస్సు హారన్ మరీ దారుణం. కార్పొరేషన్‌కి రాయాలి.

జూన్ 8, ఆదివారం

అవ్వ పోయిన వినాయక చవితికి నిమజ్జనం చూస్తానని కిందికి దిగింది. మళ్లీ పైకి ఎక్కించడానికి నలుగురం కావాల్సి వచ్చింది. ఆ తర్వాత నేల మీద కాలు పెట్టలేదు. మేం అద్దెకుండేది లింబాయత్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. సాంచల కోసం, అంటే మరమగ్గాల కోసం, కండెలు చుట్టీ చుట్టీ నేల మీద కూర్చుని అరగదీసిన మోకాళ్లు ఆమెవి.

అవ్వ దిగదు కానీ ఆమె బుట్ట దిగుతుంది. కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట. కొత్తిమీర, పాల ప్యాకెట్, గురువారం గురువారం ఎండుచేపలమ్మే మనిషి వేసే బూమ్లాలు, అన్నీ దాంట్లోనే పైకొస్తాయి. కబుర్లకు తాడు కూడా అక్కర్లేదు. వీధిలో ఎవరింట్లో ఏ కూరో మూడో అంతస్తు నుంచి చెప్పగలదు. అయినా సాయంత్రం అయ్యేసరికి కిటికీ ఊచలు పట్టుకుని కిందికి చూసే చూపు వేరు. నేను చూడనట్టు ఉంటాను. సుభాషిణి చూస్తుంది. ఇల్లు కొందామన్న మాట మొదట ఆమెదే.

అసలు అవ్వకు పైన బతకడం కొత్త కాదు. బాపు మమ్మల్ని సూరత్ తెచ్చినప్పుడు ఇల్లు ఎక్కడిది? మరమగ్గాల షెడ్డులో, రేకుల కింద చెక్కలు పరిచిన అటక. ఎక్కడానికి నిచ్చెన. బాపు, అవ్వ, అక్క, నేను, నలుగురం దాని మీదే. కింద సాంచలు ఆడుతుంటే పలక నా ఒళ్లో వణికేది. నా చేతిరాత ఇప్పటికీ వంకరే. సుభాషిణి దాన్ని అటక దస్తూరీ అంటుంది. పదకొండేళ్లు అలా ఉన్నాం.

ఇవాళ అవ్వకు ఫోన్లో ఫొటోలు చూపించాను. పొట్టి మంచాలూ అట్ట టీవీ దాటేసి, సిమెంటు బస్తాల ఫొటో దగ్గర ఆగింది. బెంచీ అక్కడే వస్తుందని చెప్పాను.

"గీడ కూసుంటే ముంగట్నుంచి మనుషులు పోతరా?"

పోతారన్నాను.

"మాట్లాడుతరా?"

దానికి బ్రోచర్‌లో గ్యారంటీ లేదు. మాట్లాడతారన్నాను.

జూన్ 11

‘కత్తెర’కి వ్యాసం రాశాను. శీర్షిక: ‘మౌనం కూడా ఒక ఓటే’. బాగా వచ్చింది. సుభాషిణికి చదివి వినిపించాను. ఆమె నా ముఖం వైపు కాసేపు చూసి, కుక్కర్ ఎన్ని కూతలు కూసిందని అడిగింది.

జూన్ 14, శనివారం

రేపు కమిటీ వాళ్లు ఇంటికొస్తున్నారు, ‘పరివార్ చూడ్డానికి’. పిల్లను చూసుకోవడానికి వచ్చినట్టు.

నేను నాస్తికుణ్ణి కనుక దేవుణ్ణి కొనలేదు. రెండో అంతస్తు సంతోషి దగ్గర ఒక్కరోజుకి అరువు తెచ్చాను. శివుడు ఉన్నాడా అని అడిగాను. ఆమె దగ్గర బల్బుల దండ వేసిన గణపతే ఉన్నాడు. సరే, కొడుకైనా చాలన్నాను. "ఊకె ఆన్ పెట్టకు అన్నా, జల్ది వేడెక్కుతడు" అని జాగ్రత్త చెప్పి ఇచ్చింది.

తర్వాత ఎండుచేపల డబ్బా. మూత బిగించి, ప్లాస్టిక్ కవర్ చుట్టి, దాని మీద ఇంకో కవర్ చుట్టి, అవ్వ బుట్టలోనే పెట్టి సంతోషి కిటికీకి దించాను. అవ్వ చూస్తూ కూర్చుంది. ఇది ఒక్కరోజుకే, ఎత్తుగడ, ఉద్యమాల్లో మామూలే అన్నాను. ఏం తింటావని వాళ్లు అడిగితే పప్పు అను అని చెప్పాను.

"పప్పు తింట గద. చేప నంజుకుంట, గంతే."

నంజుకునే సంగతి చెప్పొద్దన్నాను.

"ఎన్ని కవర్లు చుట్టినవ్ బిడ్డా" అంది డబ్బా దిగిపోతుంటే. "పీనుగకు సుత గన్ని చుట్టరు."

జూన్ 15, ఆదివారం

ముగ్గురు వచ్చారు, మూడంతస్తులూ ఎక్కి ఆయాసపడుతూ. కమిటీ పెద్ద జయంతీకాకా. తెల్లచొక్కా, మెత్తని గొంతు. ఆయన్ని అసహ్యించుకోవడానికి వారం నుంచి తయారై ఉన్నాను. మంచినీళ్లు ఇచ్చిన సుభాషిణికి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఇలాంటివాళ్లతోనే చిక్కు. తిట్టే వివక్షకు నా దగ్గర సమాధానాలు సంచి నిండా ఉన్నాయి. దండం పెట్టే వివక్షకు ఏం చేయాలి?

అంతా సాఫీగానే నడిచింది. గణపతి వెలిగాడు, ఆరాడు. నా బ్యాంకు గురించి అడిగారు, సుభాషిణి పాఠాలు చెప్పే మునిసిపల్ తెలుగు బడి గురించి అడిగారు. లేవబోతూ కాకా అవ్వ దగ్గర ఆగాడు. వంగి, ఎంతో గౌరవంగా, "బా, అటక్ శూ ఛే తమారీ?" అన్నాడు.

అవ్వ ముఖం వెలిగిపోయింది, గణపతి కంటే ఎక్కువ.

"అటకనా? థా నా. బహుత్ బడా థా."

ఇక ఆమె సూరత్ హిందీ ఆగలేదు. రేకుల కింద అటక, పైకి నిచ్చెన, కింద పండగపూట కూడా ఆగని సాంచలు. కడుపుతో ఉండి కూడా ఆ నిచ్చెన ఎక్కింది. రేకు వేడికి అటక మీద బూమ్లాలు ఒక్కరోజులో గలగలా ఎండేవట. ఆ వాసన కింద చీరలకు పట్టి సేటు రోజూ తిట్టేవాడట. "ఊపర్ మఛ్లీ సూఖ్‌తా, నీచే సాడీ బన్‌తా" అని చెయ్యి ఊపి చూపించింది. "పహన్‌నేవాలీకో మాలూమ్ ఇచ్ నై."

కట్టుకునేదానికి తెలియనే తెలియదని నవ్వింది. వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వబోయి ఆపుకున్నాడు. జయంతీకాకా నావైపు చూశాడు.

నేను చిన్న వివరణ ఇచ్చాను. వాళ్లు అర్థం చేసుకున్నట్టు తలలూపారు. వెళ్లారు.

పాపం అవ్వ. గ్యాసు ఆఫీసులో సుభాషిణి చేసిన పొరపాటే చేసింది.

జూన్ 16

వివరణే. అంతకంటే ఏమీ కాదు.

జూన్ 18, బుధవారం

ఒప్పుకున్నారు! ఆదివారం 29న బానాఖత్, అంటే కొనుగోలు ఒప్పందం మీద సంతకాలు. "కాకా ఏమన్నారో తెలుసా? బా కా ఖయాల్ రఖ్‌నా అన్నారు" అని హస్ముఖ్‌భాయ్ గొంతు తడి చేసుకున్నాడు. అమ్మను జాగ్రత్తగా చూసుకోమని. కొన్ని కోటలను లోపలికి వెళ్లే పగలగొట్టాలి. ముందు లోపలికి వెళ్లాలి. వెళ్లాక మొదటి సాధారణ సమావేశంలోనే మాహోల్ మీద తీర్మానం పెడతాను.

జిలేబీ తెచ్చాను. అవ్వ ఉపవాసమంది. జన్మలో ఉపవాసం చేసి ఎరగని మనిషి.

జూన్ 19, గురువారం

ఎండుచేపలావిడ కింద నిలబడి "లింగవ్వా, ఓ లింగవ్వా" అని పిలిచి పిలిచి వెళ్లిపోయింది. బుట్ట దిగలేదు.

జూన్ 20

అవ్వ నాతో మాట్లాడటం లేదు. వాతావరణం వల్ల కావచ్చు. వానలకు మోకాళ్లు పోటు పెడతాయి.

జూన్ 22, ఆదివారం

ఇంటిపేరు అడిగే సొసైటీల మీద వ్యాసం మొదలుపెట్టాను. నిప్పులాగా వస్తోంది. పత్రికకు బానాఖత్ అయ్యాకే పంపాలి, అది వేరే సంగతి. సుభాషిణి నా వెనక నిలబడి చదివింది. ఆమె నన్ను నువ్వు అనే అంటుంది. పెళ్లిలో నేను పెట్టిన ఒకే ఒక్క షరతు అది. ఆ షరతుకు ఇవాళ చాలా చింతించాను.

"గింత రాసేటోనివి, ఆ దినం వాళ్ల ముంగట నోరు తెరువకపోతివి గద."

తెరిచాను కదా అన్నాను.

"అవును, తెరిచినవ్. ఉమ్మర్ థయీ, మగజ్ ఠేకాణే నథీ అన్నవ్. కన్నతల్లికి మతి లేదన్నవ్. ఆమె పక్కనే కూసున్నది."

సరే. రాస్తాను. ఇది నా డైరీ, ఇక్కడ కూడా కవర్లు చుట్టడం దేనికి? నేనన్నది ఇది: అమ్మకు వయసైపోయింది, మతి నిలకడగా లేదు, ఏవేవో ఊహించుకుని చెబుతుంది, మేం ఎప్పుడూ అలా బతకలేదు. ఇందులో వయసు ఒక్కటే నిజం.

అయినా వాదించాను. వాదించకపోతే నేనెలా అవుతాను? అవ్వకు గుజరాతీ రాదనుకున్నాను అన్నాను. అటక్ అంటేనే తెలియని మనిషికి మగజ్ ఎలా తెలుస్తుందనుకున్నాను అన్నాను.

లోపలి గదిలోంచి అవ్వ గొంతు వచ్చింది, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"అటక్ అంటే నాకు తెల్వదా పరమేశా? యాభై ఏండ్ల సంది ఇంటున్న. ఇంటిపేరు నువ్వు కొట్టేస్తివి. ఇగ నాకు మిగిలింది గా అటకనే. గదే చెప్పిన."

జూన్ 23

అయినా లిఫ్టు లిఫ్టే కదా.

జూన్ 26, గురువారం

బుట్ట ఇవాళా దిగలేదు. కానీ రాత్రి భోజనాల దగ్గర అవ్వ సుభాషిణితో అంది, ఆదివారం తానూ వస్తానని. ఇల్లు చూడాలంది. మెత్తబడింది. సంతకాలు అయిపోతే అన్నీ సర్దుకుంటాయి.

కుర్చీలో కూర్చోబెట్టి దింపడానికి వీధిలో ఇద్దరిని మాట్లాడతానన్నాను. అక్కర్లేదంది. ఎక్కినప్పుడు కావాలె గని దిగనీకి మంది ఎందుకు అంది.

జూన్ 29, ఆదివారం

వాన. అవ్వ కూర్చుని దిగింది. మెట్టు మీద కూర్చోవడం, కాళ్లు కింది మెట్టుకు జార్చడం, రెండు చేతుల మీద బరువు మోపి జరగడం. పట్టుకోబోతే మోచేత్తో నెట్టేసింది. ప్రతి అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. సంతోషి ఏడ్చింది. అవ్వ ఆమెతో, నీ గణపతి మంచోడే గని జర ఎక్కువ వెలుగుతడు అని చెప్పి కిందికి జరిగింది.

రిక్షాలో ఓల్‌పాడ్ రోడ్డు చేరాం. సైటు ఆఫీసులో ఏసీ, కాగితాలు, పెడాల డబ్బా. జయంతీకాకా లేచి అవ్వకు కుర్చీ జరిపాడు. హస్ముఖ్‌భాయ్ పెన్ను మూత తీసి నా చేతిలో పెట్టాడు.

"ఊభా రహో" అంది అవ్వ. ఆగండి అని. గుజరాతీలోనే అంది. "కాకా, ఆప్ అటక్ పూఛే థే నా. లిఖో. చేపూరి."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనక ముప్పై ఏళ్లు దాటింది. నేను కోసేసిన తోక టేబుల్ మీద పడి కొట్టుకుంటున్నట్టు ఉంది.

"చేప మతలబ్ మఛ్లీ. ఊరు మతలబ్ గావ్. మఛ్లీ కా గావ్, వో హమారా అటక్" అంది, బడిలో పిల్లలకు చెప్పినట్టు, వేలితో టేబుల్ మీద రాసి చూపిస్తూ. లింగవ్వ అనేది అటక్ కాదని, అది తన పేరని, తన కొడుకు తన మీద ప్రేమతో పెట్టుకున్నాడని చెప్పింది. బూమ్లా వారానికి రెండుసార్లు, వానాకాలంలో మూడుసార్లు అని కూడా చెప్పింది. "ఔర్ అటక్ మే రహే, వో భీ సచ్."

ప్రేమతో అని అంది. 

హస్ముఖ్‌భాయ్ నవ్వడం ఆపేశాడు. ఆ ముఖం అలా ఉంటుందని నేను ఊహించలేదు, ఇంకెవరిదో అనిపించింది.  జయంతీకాకా నా వైపు వంగి, మెత్తగా, ఎవరినీ నొప్పించకుండా అన్నాడు:

"పరమేశ్‌భాయ్, బానూ మగజ్ తో ఎక్‌దమ్ బరాబర్ ఛే."

మీ అమ్మ మతి పూర్తిగా బాగుంది అని. పెన్ను నా చేతిలోంచి తీసుకుని మూత పెట్టాడు. పెడాలు మాత్రం తినిపించే పంపారు.

అప్పుడు మాట్లాడదామనుకున్నాను. రాజ్యాంగం, చట్టం, రేపటి పేపరు, అన్నీ నాలుక చివరకొచ్చాయి. సుభాషిణి నా మోచెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు గాదు. నీకు టైమిచ్చిన్రు గద, అప్పుడు బస్సు హారన్ కొట్టింది" అంది. డైరీ చదువుతోందన్నమాట. చదవనీ.

బయటికొస్తే వాన వెలిసింది. అవ్వ తిన్నగా బెంచీ రాబోయే చోటికి నడిచి, సిమెంటు బస్తాల మీద కూర్చుంది. గోడలకు నీళ్లు కొట్టే ఆడమనిషి ఒకామె పైపు పక్కన పెట్టి ఎదురుగా చతికిలబడింది. దాహోద్ వైపు మనిషి. ఆమె భాష మాకు రాదు, మా భాష ఆమెకు రాదు. మేం రిక్షా మాట్లాడుకుని వచ్చేదాకా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక అవ్వ మెట్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కనంది. ఈ కాళ్లతో ఇక పైకి పోనంది. నేను నలుగురిని పిలవబోయాను. సుభాషిణి సంచీలోంచి తాళంచెవి తీసింది. కింద, మెట్ల పక్కన ఎంబ్రాయిడరీ షాపు మూతపడి ఖాళీగా ఉన్న షట్టర్ గది. ఇల్లు దొరికేదాకా అద్దెకు ఓనర్‌తో మాట్లాడేసింది.

ఎప్పుడు మాట్లాడావన్నాను.

"నువ్వు వ్యాసం రాసుకుంటుంటే."

జూన్ 30

ఇంటిపేరు కోసెయ్యడం తప్పని నేను ఇవాళా అనను. అడిగేవాడి పెత్తనం విరిచే దాకా ఎవరి ఇంటిపేరూ వాడికి చెప్పకూడదు. కానీ కోసిన చోట ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎవరికి తోచిన పేరు వాళ్లు రాసుకుంటుంటే, నేను దాంట్లో సుఖంగా కాళ్లు చాపుకుని కూర్చున్నాను. పొట్టి మంచం మీద పడుకున్నట్టు.

ఇది వ్యాసంలో పెట్టాలి. శీర్షిక మార్చాలి. వ్యాసమే మార్చాలి.

జూలై 1

షట్టర్ గది ఇద్దరికే సరిపోతుందట. అత్తా కోడలూ కిందే పడుకుంటున్నారు. నేను పైన.

జూలై 3, గురువారం

బ్యాంకు నుంచి వచ్చేసరికి షట్టర్ ముందు స్టూలు వేసుకుని అవ్వ కూర్చుని ఉంది. ఎండుచేపలావిడ, సంతోషి, పేరు తెలియని ఇంకో ఇద్దరు, చుట్టూ సభ. నన్ను చూసి ఎవరూ జరగలేదు. ఒంటి మీద చొక్కా తీసి పైన కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. అవ్వ ఊచలు పట్టుకునే చోటు నున్నగా అరిగి ఉంది.

ఇల్లు వెతికే పని అవ్వ తీసుకుంది. ఇకనుంచి ఫోన్లు ఆమే చేస్తుందట. పేపర్లో నంబర్లు సుభాషిణి నొక్కి ఇస్తోంది. అన్నీ ఇక్కడికి వినిపిస్తున్నాయి.

"నమస్తే. పహలే సున్‌లో. హమ్ మఛ్లీవాలే. నీచే కా ఘర్ హై క్యా?"

ముందే వినండి, మేం చేపలు తినేవాళ్లం, కింది ఇల్లు ఉందా అని. ఒకడు పెట్టేశాడు. ఇంకొకడు పెట్టేశాడు. మూడోవాడు రాంగ్ నంబర్ అన్నాడట. ప్రతిసారీ కింద సభ విరగబడి నవ్వుతోంది. నేను రాసిన ఏ వ్యాసానికీ ఇంత నవ్వు రాలేదు, ఇంత పదునూ రాలేదు. ఒప్పుకుంటున్నాను, కానీ రాతపూర్వకంగా ఇక్కడ మాత్రమే.

ఇచ్ఛాపూర్ వైపు బ్రోకర్ ఒకడు పెట్టెయ్యలేదు. స్పీకర్లో గరుకు గొంతు.

"కౌన్‌సీ మఛ్లీ?"

కింద నవ్వులు ఆగిపోయాయి.

"బూమ్లా" అంది అవ్వ.

"తాజా కే సూఖా?"

పచ్చిదా ఎండుదా అని. ఆ తర్వాత చాలాసేపు ఇల్లు మాటే రాలేదు. ఉప్పు ఎంత పట్టించాలి, ఎండ చాలకపోతే ఏం చేయాలి, ఎవరి అమ్మ ఎలా వేయించేది. అతను ఏ కులంవాడో నేను వినలేదు, అవ్వ అడగలేదు. చివర్లో లిఫ్టు అక్కర్లేని కింది ఇల్లు ఒకటుందని, ఆదివారం చూపిస్తానని అన్నాడు.

"పరమేశా, బుట్ట దించు" అని అరిచింది అవ్వ.

తాడు వదిలాను. బరువుగా పైకొచ్చింది. బుట్టలో జొన్నరొట్టె మీద వేయించిన బూమ్లా ఉంది, దాని పక్కన ఫోన్, లైన్లో మనిషితో సహా. ఏది ముందు తీసుకోవాలో తెలియలేదు.

"హా భాయ్, నామ్ లిఖావో" అన్నాడు.

"పరమేశ్ లింగవ్వ."

"అటక్ శూ ఛే?"

కిందికి చూశాను. అవ్వ తల పైకెత్తి చూస్తోంది. సుభాషిణి కూడా. వీధిలో ఒక్క బస్సూ లేదు.

"చేపూరి" అన్నాను. అర్థం కూడా చెప్పాను.

"మఛ్లీవాలా! తో సుర్తీ ఛో?" అన్నాడు సంతోషంగా. ఇక్కడివాళ్లమే అనుకున్నాడు.

కాదన్నాను. తెలుగువాళ్లం, మా అమ్మానాన్నలు మరమగ్గాల దగ్గర పనిచేశారు, ఆ షెడ్డులోనే పైన ఉండేవాళ్లం అని చెప్పబోయాను. అటకకు హిందీ మాట ఎంత వెతికినా దొరకలేదు.

"అటక్ మే రహతే థే" అన్నాను.

 ఇంటిపేరులో మనుషులు ఎలా ఉంటారో అతనికి అర్థంకాలేదు పాపం.

"అటక్ మే?"

"హా" అన్నాను, రొట్టె తుంచుకుంటూ. "గ్యారహ్ సాల్."